పెట్రోల్ వాసన వదలడం లేదా? కారులో చార్‌కోల్ క్యానిస్టర్ ఇలా మార్చుకోండి

పొద్దున్నే పోర్టికోలోకి అడుగు పెట్టగానే గుప్పుమని పెట్రోల్ వాసన. వంగి కారు కింద చూస్తే ఒక్క చుక్క కూడా కనపడదు. ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు వాసన ఎక్కువ, ట్యాంకు సగానికి దిగాక తక్కువ. మీ ఇంట్లోనూ ఇదే వరస అయితే ఇంజిన్ జోలికి పోకముందే చార్‌కోల్ క్యానిస్టర్ సంగతి చూడండి. మా వైపు షెడ్లలో దీన్ని బొగ్గు డబ్బా అంటారు.

నెల్లూరులో మా పెట్రోల్ కారుకు ఇప్పుడు పదకొండేళ్లు. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఈ వాసన మొదలైంది. ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు, ఇంకో చోట థ్రాటిల్ బాడీ కడిగారు, తర్వాత పెట్రోల్ మూత కొత్తది వేశారు. డబ్బులు పోతూనే ఉన్నాయి, వాసన పోలేదు. చివరికి ఒక మెకానిక్ కింద దూరి చూసి, "అన్నా, ఈ డబ్బా పోయింది. తీసేసి పైపులు కలిపేద్దాం. చెక్ ఇంజిన్ లైటు వెలిగినా పట్టించుకోబాకండి" అన్నాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. వాళ్లు ఆడుకునే చోటే ఆ కారు ఉంటుంది. నాకు ఆ మాట మింగుడుపడలేదు. కొత్తది కొని నేనే బిగించుకున్నాను. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడ తప్పులు జరుగుతాయో మీకు వరసగా చెబుతాను.

బైపాస్ మాట ముందే తేల్చేద్దాం. డబ్బా తీసేసి ట్యాంకు పైపును గాలికి వదిలేస్తే పెట్రోల్ ఆవిరి మీ పోర్టికోలోకే వస్తుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. దేవుడి దగ్గర దీపం, ఇన్వర్టర్ స్విచ్, బయట పెట్టిన పొయ్యి, ఏది దగ్గరగా ఉన్నా ప్రమాదమే. అలా కాకుండా ట్యాంకు పైపును నేరుగా ఇంజిన్ పైపుకు కలిపితే ట్యాంకులో వ్యాక్యూమ్ ఏర్పడి పంపు మీద భారం పడుతుంది, ఇంజిన్‌కు లెక్కకు మించి ఆవిరి పోతుంది. పైగా కంపెనీ ఇచ్చిన పొగ నియంత్రణ భాగాన్ని తీసేయడం మోటారు వాహనాల చట్టానికీ విరుద్ధం. ఎవరు ఎంత సులువుగా చెప్పినా ఒప్పుకోవద్దు.

ఈ డబ్బా పనేంటి

పెట్రోల్ ఊరికే ఉన్నా ఆవిరైపోతుంది. మే నెల మధ్యాహ్నం మన రోడ్ల మీద నిలబెట్టిన కారులో ట్యాంకు వేడెక్కి లోపల ఆవిరి పెరుగుతుంది. రాత్రికి చల్లబడితే లోపలికి గాలి లాక్కుంటుంది. అంటే ట్యాంకు ఊపిరి తీసి వదులుతూ ఉంటుంది. ఆ ఊపిరి బొగ్గు గుండా పోయేలా చేయడమే క్యానిస్టర్ ఏర్పాటు.

ఇందులో ఉండేది ఇస్త్రీపెట్టెలో వేసే బొగ్గు కాదు, యాక్టివేటెడ్ కార్బన్. చెక్కలాంటి వాటిని కాల్చి, ప్రత్యేకంగా శుద్ధి చేసి, లోపలంతా కంటికి కనిపించని రంధ్రాలు ఏర్పడేలా తయారు చేస్తారు. ఒక్క గ్రాము గుళికల లోపలి ఉపరితలమంతా పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల వరకు వస్తుంది. మన లెక్కలో దాదాపు 25 సెంట్ల స్థలం. పెట్రోల్ ఆవిరి ఆ రంధ్రాల గోడలకు అంటుకుని ఆగిపోతుంది, శుభ్రమైన గాలి మాత్రం బయటికి పోతుంది.

డబ్బాకు మామూలుగా మూడు మూతులు ఉంటాయి. ఒకటి ట్యాంకు నుంచి వచ్చే పైపుకు, ఒకటి ఇంజిన్‌కు పోయే పైపుకు, ఒకటి బయటి గాలికి. డబ్బా నుంచి ఇంజిన్‌కు పోయే పైపును పర్జ్ పైపు అంటారు, ఆ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్‌ను పర్జ్ వాల్వ్ అంటారు. ఇంజిన్ వేడెక్కాక కారు కంప్యూటర్ ఆ వాల్వ్ తెరుస్తుంది. ఇంజిన్ పీల్పుకు బయటి గాలి బొగ్గులోంచి వెళ్లి, అంటుకున్న ఆవిరిని ఊడ్చుకుని ఇంజిన్‌లోకి పోతుంది. అక్కడ అది కాలిపోతుంది. అలా బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది. ఈ ఊడ్చే పని సరిగా జరిగితే డబ్బా ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

మరి ఎందుకు పోతుంది? మన దగ్గర పెద్ద కారణం బంకులోనే ఉంది. దాని గురించి చివర్లో చెబుతాను. డీజిల్ కార్లకు ఈ డబ్బా ఉండదు. సీఎన్‌జీ బండ్లలో పెట్రోల్ ట్యాంకు కూడా ఉంటుంది కాబట్టి వాటికి ఉంటుంది. 2017లో బీఎస్-4 అనే కాలుష్య నిబంధనలు తప్పనిసరి అయ్యాక వచ్చిన స్కూటర్లలో, బైకుల్లో కూడా చిన్నది ఉంటుంది.

పోయింది ఇదేనా అని తేల్చుకోండి

వాసన ఒక్కటే ఆధారం కాదు. ట్యాంకు మూత రబ్బరు పగిలినా, పైపు చిట్లినా, ఫ్యూయల్ పంపు పైనున్న సీలు పోయినా అదే వాసన వస్తుంది. ముందు అవి చూడండి. ముఖ్యంగా ఎలుకలు. పొలాల పక్కన ఇళ్లున్నవాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు, రబ్బరు పైపు కనపడితే అవి వదలవు.

క్యానిస్టర్ పోతే కనిపించే గుర్తులు వేరు. పెట్రోల్ కొట్టించిన వెంటనే బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, స్టార్ట్ అయినా కాసేపు ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం, తడబడుతుంది. మూత తిప్పితే గట్టిగా ఉస్సుమని శబ్దం వస్తుంది. ఎండలో కొద్దిగా రావడం మామూలే, కానీ ప్రతిసారీ గట్టిగా గాలి లోపలికి లాగుతున్నట్టు ఉంటే డబ్బా గాలి దారి మూసుకుపోయిందని అర్థం. కొన్ని బండ్లలో బంకు నాజిల్ మాటిమాటికీ టక్కుమని ఆగిపోతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించి కోడ్ చూడండి. పీ0441 అంటే డబ్బా నుంచి ఇంజిన్‌కు ఆవిరి ప్రవాహం సరిగా లేదని. పీ0443 అంటే పర్జ్ వాల్వ్ కరెంటు సర్క్యూట్‌లో లోపం. పీ0172 అంటే ఇంజిన్‌లో పెట్రోల్ మోతాదు ఎక్కువైందని, దానికి వేరే కారణాలూ ఉండొచ్చు. పీ0443 వస్తే డబ్బా కొనకండి, వాల్వ్, దాని వైరు చూడండి.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష తెల్ల రుమాలు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆపి ఉంచి, పర్జ్ వాల్వ్ దగ్గర డబ్బా వైపు నుంచి వచ్చే పైపు ఊడదీయండి. దాని కొనను రుమాలు మీద రెండు మూడుసార్లు తట్టండి. నేను తట్టినప్పుడు ఆవాల కంటే చిన్న నల్లటి గుళికలు పదీ పన్నెండు రాలాయి. వేలితో నలిపితే కాటుకలా అంటుకుంది. బొగ్గు బయటికి వచ్చిందంటే డబ్బా లోపలి జల్లెడ చిరిగిపోయినట్టే. ఇక బాగుచేసేది ఏమీ లేదు, మార్చడమే.

రాలకపోతే బరువు చూడండి. డబ్బా విప్పాక చేపల అంగళ్లలో వాడే వేలాడే డిజిటల్ తూనిక మీద పెట్టి, కొత్తదానితో పోల్చండి. నా పాత డబ్బా కొత్తదాని కంటే 380 గ్రాములు ఎక్కువ తూగింది. అదంతా బొగ్గు తాగిన పెట్రోలే.

కొత్తది కొనేటప్పుడు

మీ బండి ఇంకా వారంటీలో ఉంటే ఇక్కడితో ఆపి షోరూముకు వెళ్లండి. వారంటీ దాటిన బండికి కంపెనీ పార్టు దొరికితే అదే మంచిది. పాత మోడళ్లకు అది దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. అప్పుడు బయటి తయారీ పార్టు వేసుకోవడంలో తప్పు లేదు. అయితే ఎంపికలో జాగ్రత్త పడాలి.

షాపుకు వెళ్లేటప్పుడు పాత డబ్బాను విప్పి చేత్తో పట్టుకెళ్లడం అన్నిటికన్నా మేలు. వీల్లేకపోతే దాని మీది లేబుల్‌పై ఉన్న పార్ట్ నంబరును ఫోటో తీసుకుని, మూడు వైపుల నుంచీ డబ్బా ఫోటోలు తీసుకోండి. మోడల్ పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే మోడల్‌లో బీఎస్-4కు ఒక డబ్బా, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6కు ఇంకో డబ్బా ఉండొచ్చు. నెల్లూరు ఆటోనగర్‌లో స్టాకు లేకపోతే "రేపు మద్రాసు నుంచి తెప్పిస్తాం" అంటారు. అప్పుడు నంబరు తప్పు చెబితే రెండు రోజులు వృథా.

పక్కపక్కన పెట్టి చూడాల్సినవి ఇవి. మొదట మూతుల మందం. బయటికి ఒకేలా కనిపించినా 8 మి.మీ. మూతికీ 10 మి.మీ. మూతికీ పైపు కుదరదు. వెర్నియర్ ఉంటే కొలవండి, లేదంటే పాత పైపు ముక్క తొడిగి చూడండి. వదులుగా ఉంటే క్లిప్పు బిగించి సరిపెట్టుకోవచ్చని షాపులో అంటారు. ఒప్పుకోకండి. వదులు పైపు మీద క్లిప్పు బిగిస్తే రబ్బరు మడతపడి అక్కడే ఆవిరి కారుతుంది.

రెండోది డబ్బా పరిమాణం. ఇక్కడే చాలామంది మోసపోతారు. చిన్న డబ్బాలో బొగ్గు తక్కువ, అది తొందరగా నిండిపోతుంది. ఏ బండికైనా సరిపోతుందని చెప్పే చిన్న గుండ్రటి డబ్బాలు చాలావరకు టూవీలర్ సైజువి. 35, 40 లీటర్ల ట్యాంకుకు అవి చాలవు. పాతదాని పొడవు, వెడల్పులకు కొత్తది దగ్గరగా ఉండాలి. కొంచెం పెద్దదైతే ఇబ్బంది లేదు, చిన్నదైతే వద్దు.

మూడోది, చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. గలగలమని గింజల శబ్దం వస్తే బొగ్గు సరిగా అదిమి నింపలేదు. బండి కుదుపులకు ఆ గుళికలు ఒకదానికొకటి ఒరుసుకుని పొడి అవుతాయి. ఆ పొడి పర్జ్ వాల్వ్‌లోకి పోతుంది. మంచి డబ్బా ఊపితే నిశ్శబ్దంగా ఉంటుంది. నేను రెండు షాపుల్లో ఇలా ఊపి వద్దని వచ్చేశాను.

నాలుగోది మూతులకు ప్లాస్టిక్ బిరడాలు. సముద్రం గాలి తగిలే మన ఊళ్లలో ఇది ముఖ్యం. బిరడాలు లేకుండా అలమారలో నెలల తరబడి పడున్న బొగ్గు గాలిలో తేమను, షాపులోని ఆయిల్, థిన్నర్ ఆవిర్లను ముందే తాగేస్తుంది. సీలు చేసిన కవర్లో, బిరడాలతో ఉన్నదే తీసుకోండి. అదే కారణానికి పాత బండి నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ క్యానిస్టర్ ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

దాంతోపాటే అర మీటరు పెట్రోల్ ఆవిరి పైపు, ఆరు కొత్త క్లిప్పులు కొనండి. పైపు మామూలు నీళ్ల గొట్టంలాంటిది కాకూడదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దానికి తట్టుకునే పైపు కావాలని గట్టిగా అడగండి. పదేళ్లు దాటిన రబ్బరు విప్పేటప్పుడు చిట్లడం మామూలు. పని మధ్యలో పైపు కోసం ఆటోనగర్‌కు పరిగెత్తే బాధ తప్పుతుంది.

పని మొదలుపెట్టే ముందు

ట్యాంకులో పెట్రోల్ పావు వంతు కంటే తక్కువ ఉన్న రోజు చూసుకోండి. పొద్దున ఆరు గంటలకు, ఇంజిన్ రాత్రంతా చల్లబడ్డాక మొదలుపెట్టండి. వేసవిలో పదయ్యే సరికి ఆవిరి ఎక్కువవుతుంది, నేల కూడా కాలుతుంది. మూసిన షెడ్డులో కాదు, గాలి ఆడే చోట. దగ్గర్లో సిగరెట్, అగరుబత్తి, పొయ్యి ఏదీ ఉండకూడదు. బల్బు వేలాడదీసుకోకండి, ఎల్‌ఈడీ టార్చి వాడండి. మంటలు ఆర్పే పొడి సిలిండర్ చిన్నదైనా పక్కన ఉండాలి.

పెట్రోల్ మూత తెరిచి లోపలి ఒత్తిడి పోనిచ్చి మళ్లీ పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. కొన్ని కార్లలో డబ్బా బానెట్ కింద ఉంటుంది, అది అదృష్టం. కొన్నింటిలో వెనక చక్రం దగ్గర, ట్యాంకు పక్కన ఉంటుంది. అప్పుడు వెనక భాగం ఎత్తాలి. జాకీ ఒక్కదాని మీద నమ్మి కారు కింద దూరవద్దు. రెండు స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకు ఇటుకలు కాదు, చెక్క దిమ్మలు అడ్డు పెట్టండి. ఇటుక బరువుకు పగులుతుంది.

విప్పడం

చేయి వేయకముందే ఫోటోలు తీయండి. ఏ పైపు ఏ మూతికి వస్తోందో ఫోటోలో స్పష్టంగా ఉండాలి. తర్వాత ఒక్కో పైపుకు ఒక్కో రంగు టేపు చుట్టి, అదే రంగు డబ్బా మూతికి కూడా చుట్టండి. చేతులకు మట్టి, చెమట అంటుకుని, కింద పడుకుని పైకి చూస్తున్నప్పుడు ఏది కుడో ఏది ఎడమో తికమక వస్తుంది. టేపు ఆ తికమకను తీరుస్తుంది.

క్లిప్పును నోస్ ప్లయర్‌తో నొక్కి పైపు మీదికి వెనక్కి జరపండి. ఇప్పుడు పైపును లాగకండి, అటూ ఇటూ తిప్పండి. ఏళ్లుగా అంటుకుపోయిన రబ్బరు తిప్పితే వదులుతుంది. లాగితే డబ్బా మూతి విరుగుతుంది. పాతదాని మూతి విరిగినా ఫరవాలేదు కానీ, ఆ విరిగిన ముక్క పైపులోనే ఇరుక్కుంటుంది. రాకపోతే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను పైపు చుట్టూ రెండు నిమిషాలు పెట్టండి. హీట్ గన్, లైటర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కొన్ని కొత్త కార్లలో క్లిప్పు బదులు ప్లాస్టిక్ లాకు ఉంటుంది. దాని రెండు చెవులూ నొక్కి పట్టుకుని, కాస్త లోపలికి తోసి అప్పుడు వెనక్కి తీయాలి.

పైపు ఊడిన వెంటనే ట్యాంకు వైపు కొనను ప్లాస్టిక్ బిరడాతో మూయండి. కొత్త డబ్బాతో వచ్చిన బిరడా సరిపోవచ్చు. ఆ కొనలోంచి పెట్రోల్ ద్రవం చుక్కలుగా కారితే తొందరపడకుండా ఒక చిన్న గిన్నె పెట్టి కారనివ్వండి. ట్యాంకు పొంగిపొర్లిన గుర్తు అదే.

తర్వాత డబ్బాను పట్టుకున్న క్లాంపు. మామూలుగా 10 లేదా 12 నంబరు బోల్టులు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండి అయితే, రొయ్యల గుంటల దారుల్లో ఉప్పు మట్టి పట్టిన బండి అయితే, అవి తుప్పు పట్టి కదలవు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. పొద్దున మళ్లీ ఒకసారి కొట్టి, ఇనుప బ్రష్షుతో బోల్టు మరలను రుద్దండి. ఆరు మూలల రింగు స్పానర్ లేదా సాకెట్ వాడండి, ఓపెన్ స్పానర్ వద్దు. ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పితే తుప్పు పగిలి కదులుతుంది. మా బండిలో మూడు బోల్టుల్లో రెండు అలాగే వచ్చాయి, మూడోదానికి మాత్రం నలభై నిమిషాలు పట్టింది.

గాలి పీల్చే మూతికి ఒక పొడవాటి పైపు గానీ చిన్న ఫిల్టర్ గానీ ఉంటుంది. దాన్ని తప్పకుండా విప్పి చూడండి. దాని లోపల కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉంటే ఆశ్చర్యపోకండి. మా దానిలో వేలెడంత గట్టి మట్టి దిమ్మ వచ్చింది. డబ్బాకు ఊపిరాడకుండా చేసింది అదే. అది తీయకుండా కొత్త డబ్బా బిగించి ఉంటే మూడు నెలల్లో మళ్లీ మొదటికి వచ్చేది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు ఊళ్లలో నీట మునిగిన బండ్లు ఎన్నో. అలాంటి బండి మీదైతే ఈ పైపులో ఒండ్రు మట్టి తప్పకుండా చూడండి.

మధ్యలో పర్జ్ వాల్వ్

డబ్బా బొగ్గు రాల్చిందంటే ఆ బొగ్గు పర్జ్ వాల్వ్ దాకా పోయే ఉంటుంది. వాల్వ్ విప్పి రుమాలు మీద తట్టండి. కరెంటు కనెక్షన్ లేనప్పుడు ఈ వాల్వ్ పూర్తిగా మూసుకుని ఉండాలి. చిన్న కొత్త పైపు ముక్క తొడిగి ఊదండి. గాలి దూరితే వాల్వ్ సరిగా మూసుకోవడం లేదని, గుళిక ఏదో ఇరుక్కుందని అర్థం. కార్బ్ క్లీనర్ కొట్టి కడిగి మళ్లీ చూడండి. అయినా దూరుతుంటే దాన్ని కూడా మార్చండి. మూసుకోని వాల్వ్‌తో ఐడ్లింగ్ ఎప్పటికీ కుదరదు, కొత్త డబ్బాకు చెడ్డపేరు వస్తుంది.

పర్జ్ పైపును రెండు చివరలా విప్పి కంప్రెసర్ గాలితో ఊదండి. రెండు చివరలా అన్నాను, గుర్తుంచుకోండి. ఒక చివర ఇంజిన్‌కు ఉండగా ఊదితే బొగ్గు పొడి అంతా ఇంజిన్‌లోకి పోతుంది. ట్యాంకు వైపు పైపులోకి కంప్రెసర్ గాలి అసలు కొట్టవద్దు.

కొత్తది బిగించడం

బయటి పార్టులో మూతుల అమరిక పాతదానికి భిన్నంగా ఉండొచ్చు. మూతుల పక్కన అచ్చు వేసిన ట్యాంక్, పర్జ్, ఎయిర్ అనే ఇంగ్లీషు గుర్తులు చూసి కలపండి, ఉన్న చోటును బట్టి కాదు. ట్యాంక్, పర్జ్ మూతులు మామూలుగా ఒక కొసన, గాలి మూతి ఇంకో కొసన ఉంటాయి. దానికో కారణం ఉంది. గాలి ఒక కొసన దూరి బొగ్గు మొత్తాన్ని దాటుకుని రెండో కొసకు రావాలి. ట్యాంకు పైపును పొరపాటున గాలి మూతికి పెడితే బయటి గాలి పక్కనున్న మూతిలోంచి దూరి నేరుగా ఇంజిన్‌కు పోతుంది. బొగ్గు శుభ్రపడదు. మొదట వాసన రాదు కాబట్టి అంతా బాగుందనుకుంటారు, కొన్ని వారాలకు డబ్బా నిండిపోయి మళ్లీ వాసన మొదలవుతుంది. నాకు తెలిసిన ఒక బండిలో సరిగ్గా ఇదే జరిగింది, తప్పు కొత్త డబ్బా మీద పడింది.

బిరడాలు చివరి నిమిషంలో మాత్రమే తీయండి. మూతుల మీద నూనె, గ్రీజు రాయకండి. పైపు ఎక్కకపోతే మూతిని తడిగుడ్డతో తుడిచి తొడగండి. పైపు మూతి మీది గట్టు దాటి లోపలికి పోవాలి, క్లిప్పు ఆ గట్టు వెనక కూర్చోవాలి. గట్టు మీదే కూర్చుంటే కొన్నాళ్లకు జారిపోతుంది.

క్లాంపు రంధ్రాలు కుదరకపోతే తీగతో కట్టి వదిలేయకండి. రోడ్డు కుదుపులకు ప్లాస్టిక్ అరిగిపోతుంది. పాత ట్యూబు ముక్కను డబ్బా చుట్టూ పరిచి, దాని మీద వెడల్పాటి ఇనుప పట్టీ క్లాంపు వేసి పాత బోల్టు రంధ్రాలకే బిగించండి. డబ్బాకు సైలెన్సర్ పైపు దగ్గరగా రాకుండా కనీసం చెయ్యి దూరేంత సందు ఉండాలి. 10 నంబరు బోల్టును మణికట్టు బలంతో బిగిస్తే చాలు, భుజం బలం పెడితే మర తెగుతుంది. గాలి పీల్చే పైపు కొస నీళ్లు చిమ్మని ఎత్తైన చోట, కిందికి వంగి ఉండేలా కట్టండి. కొసకు సన్నటి ఇత్తడి జాలీ ముక్క చుట్టితే పురుగు గూడు కట్టదు. మరీ దగ్గరి జాలీ వేయవద్దు, దుమ్ముకు మూసుకుపోతుంది.

స్టార్ట్ చేశాక

బ్యాటరీ కలిపి ఇంజిన్ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు పర్జ్ పైపులో పీల్పు ఉండకూడదు. వేడెక్కాక, ఎవరినైనా యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టుకోమని, పర్జ్ పైపును డబ్బా దగ్గర ఊడదీసి వేలు పెడితే టకటకమని పీల్చి వదులుతున్నట్టు తెలుస్తుంది. అలా ఉంటే వ్యవస్థ పనిచేస్తోంది. పైపు మళ్లీ తొడిగి క్లిప్పు బిగించండి.

లైటు వెలిగి ఉంటే స్కానర్‌తో కోడ్ తుడిపించండి. తుడిపిన వెంటనే తీర్పు చెప్పకండి. కంప్యూటర్ ఈ పరీక్షను బండి చల్లగా స్టార్ట్ అయి, కొంత దూరం నిలకడగా నడిచినప్పుడే చేసుకుంటుంది. నెల్లూరు నుంచి కావలి దాకా హైవే మీద ఒకసారి వెళ్లొచ్చి, తర్వాత నాలుగైదు రోజులు మామూలుగా తిప్పండి. కోడ్ తిరిగి రాకపోతే పని అయినట్టే. మొదటి ఒకటి రెండు రోజులు కొద్దిగా వాసన ఉంటే కంగారుపడకండి, కింద కారిన పెట్రోల్ తడి ఆరుతోంది.

పాత డబ్బాను ఇంట్లోకి తేవద్దు, కాల్చవద్దు, కోసి లోపలి బొగ్గును మొక్కలకు వేయవద్దు. అది పెట్రోల్ తాగిన బొగ్గు. నీడన, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా రెండు రోజులు ఉంచి, లోపల పెట్రోల్ ఉందని చెప్పి షెడ్డు వాళ్లకో పాత సామాన్ల వాళ్లకో ఇవ్వండి. గ్యాస్ కటింగ్ పెట్టకుండా ఆ మాట చెప్పడం తప్పనిసరి.

ఇక బంకు సంగతి

నాజిల్ టక్కుమని ఆగిందంటే ట్యాంకు నిండినట్టే. ఆ తర్వాత బంకులో అబ్బాయి "రౌండ్ ఫిగర్ చేసేదా అన్నా?" అంటాడు. చెన్నై పోతున్నాం, తిరుమల పోతున్నాం, దారిలో మళ్లీ ఆగడం ఎందుకని మనం సరే అంటాం. ఆ రెండు మూడుసార్ల టకటకలతో ట్యాంకు పైభాగాన ఆవిరి కోసం వదిలిన ఖాళీ కాస్తా నిండిపోతుంది. పైగా భూమిలోపలి ట్యాంకు నుంచి వచ్చిన పెట్రోల్ చల్లగా ఉంటుంది. ఎండలో పది డిగ్రీలు వేడెక్కితే 40 లీటర్లకు దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. పెరిగిన ద్రవానికి ఉన్న దారి ఆవిరి పైపే. అది నేరుగా బొగ్గులోకి పోతుంది. ఆవిరి తాగడానికి తయారైన బొగ్గు ద్రవంలో నానితే ఇంజిన్ దాన్ని ఎంత పీల్చినా ఆరదు. డబ్బా పోయేదాకా ఏళ్ల తరబడి నేను అడిగి మరీ చేయించుకున్న పని ఇది.

ఇప్పుడు బంకులో ముందే చెబుతాను, మొదటి టక్కుకే ఆపేయమని. బిల్లు 2,837 రూపాయలు వచ్చినా ఫోన్‌లో అంతే కొడతాను. డబ్బా మార్చి ఇరవై నెలలు దాటింది. మొన్న సంక్రాంతికి సర్వీసు చేసుకుంటూ పర్జ్ పైపు ఊడదీసి తెల్ల రుమాలు మీద మళ్లీ తట్టాను. ఒక్క గుళిక కూడా రాలలేదు.